లోష్విట్స్ నుంచి ఇంటికి వచ్చే దారి

చిరంజీవి శారదకు,

ఆశీస్సులు. మీ నాన్నగారి గురించి నువ్వు రాసి పంపిన కథ, పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే మీ నాన్నగారు హైవే పక్కన పడి ఉన్నారు. లారీ, గుమిగూడిన జనం, పోలీసులు, మీ అమ్మ ఏడుపు. ఆ తర్వాత పేజీలన్నీ నీ దుఃఖమే. చదువుతున్నంతసేపూ నీమీద జాలి కలిగింది తల్లీ, ఆయన కోసం మాత్రం కన్నీళ్లు రాలేదు. ఆయన నాకింకా పరిచయమే కాలేదు కదా.

ఏడో పేజీలో ఒక్కచోట ఆగిపోయాను. షాపు బోర్డు మీద అక్షరాలు రాసేముందు, సుద్ద పూసిన దారం ఒక కొస నీ చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలేవారని రాశావు. టప్పుమని గీత పడేది, నీ ముక్కు మీద తెల్లటి పొడి. అంతటి సంగతిని రెండు వాక్యాల్లో దాటేసి మళ్లీ హైవే మీదికి వెళ్లిపోయావు. నాకు ఆ దారం కావాలి.

నీకో మనిషి గురించి చెప్పాలనిపించింది. విల్‌హెల్మ్ ఫాన్ క్యూగెల్గెన్ అని జర్మన్ చిత్రకారుడు. 1802లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు, డ్రెస్డెన్‌లో పెరిగాడు. తండ్రి గెర్హార్డ్ అంతకన్నా పేరున్న చిత్రకారుడు. జర్మన్ మహాకవులు గోథే, షిల్లర్‌ల చిత్రాలు వేసినవాడు, డ్రెస్డెన్ అకాడమీలో ప్రొఫెసర్. కొడుకూ అక్కడే బొమ్మలు నేర్చుకుని, రోమ్ వెళ్లొచ్చి, 1833లో హార్ట్స్ కొండల అంచునున్న బాలెన్‌స్టెట్ అనే చిన్న ఊళ్లో ఆస్థాన చిత్రకారుడయ్యాడు. తర్వాత్తర్వాత, మతిస్థిమితం లేని ఆ సంస్థానాధీశుడికి తోడుగా ఉండే కొలువులో ఏళ్లు గడిపాడు. చరిత్ర ఘట్టాలూ, బైబిలు ఘట్టాలూ, ముఖచిత్రాలూ వేశాడు. కానీ ఆయన పేరు నిలిచింది ఒక పుస్తకం వల్ల. ‘ఒక ముసలివాడి చిన్ననాటి జ్ఞాపకాలు’ అని దాని పేరు. ఆయన 1867లో పోయాడు, అది 1870లో అచ్చయింది. తర్వాత తరతరాల జర్మన్ ఇళ్లలో చదువుకున్న ఆ పుస్తకాన్ని ఆయన కళ్లారా చూసుకోనేలేదు.

ఆయన తండ్రి చావు కూడా దారి మీదే జరిగింది. డ్రెస్డెన్ దగ్గర లోష్విట్స్‌లో వాళ్లకో ద్రాక్షతోట ఉండేది. 1820 మార్చి 27 సాయంత్రం తోట నుంచి ఇంటికి బయల్దేరిన గెర్హార్డ్‌ను, దోచుకోవడానికి ఒక సైనికుడు చంపేశాడు. అప్పటికి మన విల్‌హెల్మ్‌కు పదిహేడేళ్లు.

నీలాగా, మొదట్లో నాలాగా రాసేవాడైతే పుస్తకం అక్కడ మొదలుపెట్టేవాడు. ఆయన అక్కడ ముగించాడు. ఆ సాయంత్రానికి చేరేలోపు మనం ఆ ఇంట్లో కొన్నేళ్లు కాపురం ఉంటాం. తండ్రి బొమ్మలు వేసుకునే గది, పిల్లలకు చదువు చెప్పిన జెన్ఫ్ అనే చిత్రకారుడు, ఇంటికి వచ్చిపోయే స్నేహితులు, నెపోలియన్ యుద్ధాలు, డ్రెస్డెన్ వదిలి వెళ్లిపోవడం, అన్నీ చూస్తాం. ఇంతాచేసి లోష్విట్స్ దారి దగ్గరికి వచ్చేసరికి పోయినవాడు ఎవరి నాన్నో కాదు, మనకు తెలిసిన మనిషి. ఆ తర్వాత తన రోమ్ యాత్ర, పెళ్లి, ఉద్యోగం గురించి ఇంకో పుస్తకానికి సరిపడా బతుకుంది. వాటి జోలికి పోకుండా కలం పక్కన పెట్టేశాడు. ఆ నిగ్రహం నాకు ఎన్నటికీ అబ్బలేదు. మా అమ్మ గురించి రాసిన మొదటి కథను ఆసుపత్రి మంచం దగ్గర మొదలుపెట్టి, నా ఏడుపుతో నింపేశాను. ఇప్పుడు తీసి చదివితే అందులో మా అమ్మ ఎక్కడా కనపడదు. ఆవిడ పప్పు ఎలా ఎనిపేదో కూడా లేదు.

ఇంకోటి చూడు. 1813 ఏప్రిల్‌లో రష్యా చక్రవర్తీ, ప్రష్యా రాజూ డ్రెస్డెన్‌లోకి ఊరేగింపుగా వస్తున్నారు. దాన్ని కిటికీలోంచి చూడడానికి గోథే వీళ్లింటికి వచ్చాడు. పిల్లాడికి పదేళ్లు. గోథే ఎంతటివాడో అని మనమైతే రెండు పేజీలు రాస్తాం. ఈయన రాసింది వేరు. ఒకావిడ గోథేని వెతుక్కుంటూ మహా సంబరంగా గదిలోకి దూసుకొస్తుంది. ఆ పెద్దమనిషి ఆవిణ్ణి ఇంటావిడకు పరిచయం చేసి, చల్లగా తప్పుకుంటాడు. ఆ పిల్లాడికి ఏది కనపడిందో అదే ఉంది. పెద్దయ్యాక తెలిసిన గొప్పతనాన్ని పదేళ్ల కళ్లలో కుక్కలేదు. నీ పేజీల్లో ఎనిమిదేళ్ల శారద ‘శ్రామికవర్గ కళాకారుడి నిర్లక్షిత జీవితం’ గురించి ఆలోచిస్తోంది. అది ఇప్పటి శారద మాట. ఎనిమిదేళ్ల పిల్లకి టర్పెంటైన్ వాసన తెలుసు, నాన్న లుంగీ మీద ఏ తొడ వైపు బ్రష్ తుడుచుకునేవారో తెలుసు. దాన్నే మాట్లాడనీ.

బ్యాంకు ఉద్యోగం మానేసి రాసుకోమంటారా అని అడిగావు. మానొద్దమ్మా. క్యూగెల్గెన్ బతుకంతా కొలువులోనే గడిచింది. ఎస్టోనియాలో ఉన్న తమ్ముడికి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు. ఆయన పోయిన చాలాకాలానికి అవి కూడా పుస్తకంగా వచ్చాయి. చేయి తిరిగింది అక్కడేనని నా నమ్మకం. తమ్ముడికి రాసేటప్పుడు ఎవరూ గొప్ప మాటలు వెతుక్కోరు. వాడు చూసిన ఇంటి గురించి వాడికే చెబుతున్నప్పుడు అబద్ధం రాస్తే ఇట్టే పట్టేస్తాడు.

మీ తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడన్నావు. పత్రికకు పంపాల్సిన కథ సంగతి కొన్నాళ్లు మర్చిపో. వాడికి ఉత్తరాలు రాయి. ఫోనులో కాదు, కాగితం మీద. వారానికొకటి చాలు. నాన్న సైకిల్ క్యారేజీకి కట్టిన పెట్టెలో ఏ రంగు డబ్బా ఎక్కడ ఉండేదో, డబ్బులు ఎగ్గొట్టిన షాపుల ముందు నుంచి వెళ్లేటప్పుడు ఏమనేవారో వాడి జ్ఞాపకాలూ అడుగు. మీ ఇద్దరికీ గుర్తున్నవి ఒకదానికొకటి పొసగవు. పొసగని చోట ఇంకా ఎక్కువ రాయి.

హైవే దగ్గరికి ఎలాగూ వస్తావు. తొందరపడకు. ముందు ఇంకొకటి చెప్పు. నువ్వు హాస్టల్లో చేరి కాలేజీకి వెళ్లిపోయాక ఆ సుద్ద దారం రెండో కొస ఎవరు పట్టుకునేవారు? తమ్ముడా, అమ్మా, లేక మేకు కొట్టి దానికి కట్టేవారా? అది తెలుసుకుని రాసి పంపు. నేను ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు