పగడం రాయి కాదు, జెల్లీచేపకు దాయాది

"పగడం రాయా, మొక్కా, జంతువా? దానికి జెల్లీచేపతో చుట్టరికం ఉందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. నిజమే. మనం ధరించే పగడం ఒక జంతువు కట్టుకున్న అస్థిపంజరం. హైదరాబాదులో జూనియర్ కళాశాల పిల్లలకు 26 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. అయినా ఈ సంగతి నాకు మనసుకు పట్టింది మాత్రం మా అమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టినప్పుడే.

అమ్మ వేలికి పగడపు ఉంగరం ఉండేది. కుజుడికి మంచిదని ఎవరో చెబితే నాన్న పత్తర్‌గట్టిలో కొనిచ్చారు. ఆ వేసవిలో అమ్మ వంద కాయలు తరిగి, ఇంకో పాతిక కాయల రసం పిండి, ఉప్పూ పసుపూ వేసి జాడీకి ఎత్తింది. మూడు రోజులూ చేత్తోనే కలిపింది, ఉంగరం తీయలేదు. నాలుగో రోజు పొద్దున చూస్తే పగడం మెరుపంతా పోయి, వాననీటికి తడిసి ఎండిన ఇటుకలా వెలిసిపోయి ఉంది. వేలితో రాస్తే గరుకు. ఇంటిమీదికి ఏదో కీడు రాబోతోందని అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఉంగరం పట్టుకుని దుకాణానికి వెళ్లాం. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "రాయి ఎక్కడైనా వెలుస్తుందా అమ్మగారూ, మీరే ఏదో మందులో ముంచారు" అన్నాడు. నాకు ఇప్పటికీ కోపమే. తాను అమ్మేది ఏమిటో తనకే తెలియదు, తప్పు మాత్రం కొన్నవాళ్లది. నిమ్మరసం, వెనిగర్, చెమట తగలనివ్వద్దని అమ్మేటప్పుడే ఒక్క మాట చెబితే సరిపోయేది కదా.

ఇంటికొచ్చాక అమ్మ కుంకుమ భరిణెలోంచి, పుస్తెల తాడులోంచి ఎప్పుడో ఊడిన పగిలిన పగడపు పూసను తీసి ఇచ్చింది. దానిమీద ఒక చుక్క నిమ్మరసం వేసి భూతద్దం చేతికిచ్చాను. కాసేపటికి విరిగిన అంచు వెంబడి ఆవగింజకంటే సన్నని బుడగలు లేవసాగాయి. కోడిగుడ్డు పెంకు, సున్నపురాయి, ముత్యం, పగడం అన్నీ కాల్షియం కార్బొనేటే. పులుపు తగిలితే కరిగి బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. "నీ ఊరగాయే తినేసిందమ్మా దీన్ని" అన్నాను. అమ్మ ముఖం అప్పుడు తేటపడింది.

అయితే అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఈ సున్నాన్ని ఎవరు పోశారని అడిగింది. చెప్పాను. మధ్యధరా సముద్రంలో, వెలుతురు సరిగా చేరని రాతి గుహల గోడలకు ఎర్రటి కొమ్మలు ఉంటాయి. కొమ్మ నిండా చిన్న చిన్న తెల్లటి జీవులు, ఒక్కో దానికి నోటి చుట్టూ ఎనిమిది చేతులు. తినేదీ విసర్జించేదీ ఆ ఒక్క నోటితోనే. గుండె లేదు, నెత్తురు లేదు, మెదడు లేదు. వేలాది నోళ్లు కలిసి పోసుకున్న సున్నమే ఆ కొమ్మ. ఏడాదికి ఒక మిల్లీమీటరు మందం కూడా పెరగదు. ఉద్యాపనలూ నోములూ తప్పని శాకాహారి మా అమ్మ. "అంటే ఇన్నేళ్లూ ఎముకను వేలికి పెట్టుకుని వంట చేశానా?" అంది. ముత్యమూ ఆల్చిప్ప కడుపులోదే కదా, పట్టూ పురుగు నోట్లోదే కదా అని నచ్చజెప్పడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

పెద్ద పెద్ద పండితులే దీన్ని ఒప్పుకోలేదు, అమ్మ తడబడితే తప్పేముంది? 1706లో మార్సిలి అనే ఇటలీ ప్రకృతి శాస్త్రవేత్త ఆ తెల్లటి జీవుల్ని చూసి పువ్వులన్నాడు. 1720లలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు పగడపు కొమ్మను సముద్రపు నీళ్ల పాత్రలో ఉంచి, ముట్టుకుంటే ఆ 'పువ్వులు' ముడుచుకుపోవడం చూసి, ఇవి జంతువులని రాశాడు. పారిస్ శాస్త్ర అకాడమీలో రియోమూర్ అనే పెద్ద శాస్త్రవేత్త ఆ మాట వినిపించాడు గానీ, నవ్వులపాలవుతాడని రాసినవాడి పేరు చెప్పలేదు. 1740లలో ట్రెంబ్లే అనే ప్రకృతి శాస్త్రవేత్త, పగడపు జీవిలాగే నోటి చుట్టూ చేతులుండి మొక్కలా కనిపించే మంచినీటి చిన్న జీవి హైడ్రాను ముక్కలు కోసి, ప్రతి ముక్కా మళ్లీ పూర్తి జంతువు కావడం చూపించాకే పండితుల మనసు మారింది. కళ్లతో చూసినవాడి మాటకంటే కుర్చీలో కూర్చున్నవాడి మాటకే బరువెక్కువ. మా కళాశాలల్లోనూ అదే తీరు. పిల్లలు 'ద్విస్తరిత జీవులు', అంటే రెండు కణపొరల జీవులు, అని పదిసార్లు బట్టీ పడతారు, కుంటలోని నాచులో వేలాడే హైడ్రాను ఒక్కసారీ చూడరు.

ఇక జెల్లీచేప. పేరులోనే ఉంది చేప, ఒంట్లో ఒక్క ఎముక లేదు. ఈ పేరు పెట్టి పిల్లల్ని ఎందుకు తికమక పెడతారో! పగడం, హైడ్రా, జెల్లీచేప మూడూ నిడేరియా వర్గానివి. మూడింటి చేతుల్లోనూ దంశకణాలుంటాయి, వాటిలో చుట్టచుట్టుకున్న విషపు దారం తగిలీ తగలగానే విసురుకొస్తుంది. చాలా రకాల జెల్లీచేపలు చిన్నప్పుడు పగడపు జీవిలాగే రాతికి అంటుకుని ఉంటాయి. కాడలాంటి ఆ ఒళ్లే పళ్లేల దొంతరలా అడ్డంగా విడిపోయి, ఒక్కో పళ్లెం ఒక్కో జెల్లీచేపగా ఈదిపోతుంది. పగడం మాత్రం పిల్లదశలో కొన్నాళ్లు ఈదినా, ఒకసారి రాతికి అంటుకున్నాక జెల్లీచేపలా ఈదే రూపం తీసుకోదు, కాపురమంతా పట్టుకున్న రాతి మీదే. చుట్టరికం అదీ.

పగడాన్ని నిమ్మరసంతో పరీక్షించమని చెప్పేవాళ్లున్నారు, వినకండి. గాజునూ ప్లాస్టిక్‌నూ పట్టిస్తుంది గానీ, ఎర్రరంగు వేసిన తెల్ల పగడమూ బుడగలే వదులుతుంది, పైగా మెరుపు పోతుంది. గోళ్లరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి ఒక మూల రాయండి, రంగు వేసినదైతే చాలావరకు దూది ఎర్రబడుతుంది. మా మేనకోడలి పుస్తెల తాడుకు పూసలు కొనేటప్పుడు అమ్మ ఆ సీసాను సంచిలో పెట్టుకుని వచ్చింది. మొదటి దుకాణంలో దూది ఎర్రబడింది. మారు మాట్లాడకుండా లేచి పక్క గల్లీలోకి నడిచింది.