సికిల్ సెల్ ఉన్న బిడ్డకు జలుబు చేస్తే

గుంటూరు

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకి జలుబు పట్టిందని చెప్పావు. ఫోన్లో చెప్పినవి కంగారులో గుర్తుండవు. వార్డుల్లో నర్సుగా చేసినదాన్ని కాబట్టి రాసి పంపుతున్నా.

నుదుటి మీద చెయ్యేసి "కాస్త వెచ్చగా ఉన్నాడు" అనుకుంటే వీడి విషయంలో చాలదు. థర్మామీటరు పెట్టు. 101 చూపించిందా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికే. మామూలు పిల్లలకైతే రెండ్రోజులు చూడొచ్చు. సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు వంకర తిరిగే పుట్టు రక్తజబ్బు కదా, ఆ పిల్లల్లో క్రిముల్ని అడ్డుకునే ప్లీహం చిన్నప్పుడే పనిచేయడం మానేస్తుంది. న్యుమోకాకస్ లాంటి క్రిమి రక్తంలోకి చేరితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. రోజూ పెన్సిలిన్ వేస్తున్నాంగా అన్న ధీమా వద్దు. వచ్చింది వైరస్ జ్వరమా, ఇంకొకటా అన్నది ఇంట్లో తేలదు. పారాసిటమాల్ వేసే ముందే జ్వరం ఎంతుందో కాగితం మీద రాసుకో. ఆస్పిరిన్ ముట్టుకోకు.

మీ అత్తగారు లంఖణం పరమౌషధం అంటారు. ఆవిడతో వాదన పెట్టుకోకు గానీ, వీణ్ణి పస్తు మాత్రం ఉంచకు. ఒంట్లో నీరు తగ్గితే ఎర్రకణాలు కొడవళ్లలా వంగి నాళాల్లో ఇరుక్కుంటాయి, ఇక నొప్పులే. గంజి, పల్చటి మజ్జిగ, చారు, వాడు ఏది తాగితే అది గుక్కగుక్కగా పట్టు. కార్తీకం కదా అని కృష్ణలో ముంచి తీసుకొస్తానంటే మాత్రం గట్టిగా అడ్డుపడు. చన్నీళ్లూ చలీ కూడా నొప్పుల్ని రేపుతాయి.

నాకు అన్నిటికంటే ఛాతీ గురించే భయం. ఊపిరితిత్తుల్లోకి వైరస్ దిగితే ఆక్సిజన్ తగ్గుతుంది, తగ్గేకొద్దీ ఇంకా కణాలు వంగుతాయి. దీన్నే డాక్టర్లు అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అంటారు. చొక్కా విప్పి చూడు. డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, ఊపిరి తీస్తే గుండెల్లో నొప్పంటున్నా, జ్వరం లేకపోయినా సరే 108కి ఫోన్ చెయ్యి. నొప్పులకని చేర్పించాక రెండో రోజో మూడో రోజో కూడా ఇది మొదలవుతుంది. మొదటి ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండకు.

పిల్లాడు ఉన్నట్టుండి తెల్లగా పాలిపోయినా, పొట్ట ఎడమవైపు గట్టిగా ఉబ్బినా అదీ ఆగే పని కాదు.

క్యాజువాలిటీలో నోరు తెరవగానే "సికిల్ సెల్" అను, జలుబూ దగ్గూ తర్వాత. లేకపోతే సిరప్ రాసి పంపించేస్తారు, నేను కళ్లారా చూశా. మామూలుగా హిమోగ్లోబిన్ ఎంతుంటుందో, బ్లడ్ గ్రూపేమిటో, ఈ జబ్బుకి వాడే హైడ్రాక్సీయూరియా ఎంత వేస్తున్నారో ఒక ఫైల్లో పెట్టుకో. ఆ మందు మీ అంతట మీరు ఆపొద్దు.

ఈ జలుబు తగ్గాక ఫ్లూ టీకా వేయించు, అది ఏటా వేయించాలి. న్యుమోకాకల్ టీకాల్లో ఏవి మిగిలాయో కార్డు చూపించి అడుగు. ఫ్లూ సూది ఇంట్లో అందరికీ పడాలి. సూది చూస్తే పారిపోయే మీ ఆయనకి కూడా.

మీ పెద్దమ్మ