ఐరోపా: విలీనమా, ఏకీకరణా?

సందేహం: ‘ఆర్థిక విలీనం పూర్తయిన ఐరోపా కూటమికి ఇక ఉమ్మడి రక్షణే తరువాయి’ అని ఒక వ్యాసంలో చదివాను. మరోచోట ‘ఆర్థిక ఏకికరణ’ అని ఉంది. విలీనం, ఏకీకరణ ఒకటేనా? ‘ఉమ్మడి రక్షణ’ అనడం సరైనదేనా?

సమాధానం: ఒకటి కావు. విలీనమంటే ఒకటి మరొకదానిలో కరిగిపోవాలి. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అలాగే భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. పాత పేరుతో బోర్డు కూడా మిగల్లేదు. ఐరోపాలో ఏ దేశమూ అలా మాయం కాలేదు. 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ తమ బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఒకే అజమాయిషీ కిందికి తెచ్చుకున్నాయి. 1957 రోమ్ ఒప్పందంతో ఉమ్మడి మార్కెట్‌కు పూనుకున్నాయి. ప్రభుత్వాలు, బడ్జెట్లు మాత్రం నేటికీ ఎవరివి వాళ్లవే. కాబట్టి ‘ఏకీకరణ’ అనాలి. ‘పూర్తయిన’ అనడమూ పొరపాటే. డెన్మార్క్, స్వీడన్, పోలండ్ ఇంకా సొంత కరెన్సీనే వాడుతున్నాయి.

‘ఏకికరణ’ తప్పు. లేని గుణాన్ని కొత్తగా కలిగించడమనే అర్థంలో సంస్కృతంలో ‘చ్వి’ అనే ప్రత్యయం చేరుతుంది. అది తాను కనిపించకుండా పోతూ, ముందున్న అకారాన్ని దీర్ఘ ఈకారం చేసి పోతుంది. ఏకం కానిదాన్ని ఏకం చేస్తే ఏకీకరణ, శుద్ధం కానిదాన్ని శుద్ధం చేస్తే శుద్ధీకరణ. ‘ప్రైవేటీకరణ’ కూడా ఆ అచ్చులో పోసిందే. వ్యాకరణం మొహం చిట్లించినా జనం ఒప్పేసుకున్నారు. ‘సమైక్యత’ వాడవచ్చు కదా అంటారేమో. మన దగ్గర ఆ మాటకు ఉద్యమాల వాసన అంటింది. సుంకాలు, సరుకుల సంగతికి పొసగదు.

ఇక ‘ఉమ్మడి’. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి అన్నప్పుడు పంచుకోని సొత్తు అని అర్థం. యూరోకు ‘ఉమ్మడి కరెన్సీ’ అందుకే చక్కగా కుదిరింది. రక్షణలోనూ అలాంటి ప్రయత్నం ఒకసారి జరిగింది. ఒకే సైన్యం, ఒకే యూనిఫారం, ఒకే బడ్జెట్ అని 1952లో ఆ ఆరు దేశాలే ఒప్పందం రాసుకున్నాయి. ప్రతిపాదన ఫ్రాన్స్‌దే, 1954 ఆగస్టు 30న 319–264 ఓట్లతో దాన్ని అటకెక్కించిందీ ఫ్రాన్స్ జాతీయ సభే. దాన్ని నిస్సంకోచంగా ‘ఉమ్మడి సైన్యం’ అనవచ్చు.

నేటి పరిస్థితి వేరు. లిస్బన్ ఒప్పందం ద్వారా సవరించిన ఐరోపా సమాఖ్య (ఈయూ) ఒప్పందం 42వ అధికరణంలో ‘ఉమ్మడి రక్షణ విధానం’ క్రమంగా రూపొందుతుందని ఉంది. అది ‘ఉమ్మడి రక్షణ’గా మారాలంటే సభ్యదేశాల అధినేతలంతా ఏకగ్రీవంగా నిర్ణయించాలి. తర్జుమాలో ‘విధానం’ అన్న మాట జారిపోతే, జరగనిది జరిగిపోయినట్టవుతుంది. ఒకరిపై దాడి జరిగితే మిగతావాళ్లు ఆదుకోవాలన్న ఏడో క్లాజుకు ‘పరస్పర సహాయం’ సరైన మాట. 2025లో ఆయుధాల కోసం సమాఖ్య ప్రకటించిన 150 బిలియన్ యూరోల రుణాల సంగతీ ఇంతే. కొనుగోళ్లు చాలావరకు ఉమ్మడివే. కొన్న ఆయుధాలు మాత్రం ఏ దేశానివి ఆ దేశానివే. అన్నట్టు, ఒక బిలియన్ అంటే 100 కోట్లు. కనుక అది 15,000 కోట్ల యూరోలు.

‘కూటమి’ అన్న మాటను సైనిక కూటమి అయిన నాటోకు వదిలేయడం మేలు. సమాఖ్యలోని 27 దేశాల్లో ఆస్ట్రియా, ఐర్లండ్, సైప్రస్, మాల్టా నాటోలో లేవు. రెంటికీ ఒకే పేరు పెడితే పాఠకుడు తికమకపడతాడు.

మీరు చదివిన వాక్యాన్ని ఇలా దిద్దుకోవచ్చు: ‘ఆర్థిక ఏకీకరణలో చాలా దూరం వచ్చిన ఐరోపా సమాఖ్యకు ఉమ్మడి రక్షణ విధానం ఉంది, ఉమ్మడి రక్షణ ఇంకా లేదు.’