లినక్స్ వేస్తే మా ట్యాలీ ఏం కావాలి?

ఒంగోలు కర్నూలు రోడ్డులో డీటీపీ, కంప్యూటర్ సర్వీసు దుకాణం నడిపే మా కాలమిస్టు ఇచ్చిన జవాబులివి. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఓపెన్ సోర్స్ గురించే వచ్చాయి. ప్రోగ్రాము రాతను, అంటే కోడ్‌ను, అందరికీ తెరిచి ఉంచి ఎవరైనా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేరే ఓపెన్ సోర్స్. విండోస్ బదులు వేసుకునే లినక్స్ అలాంటిదే.

ప్రశ్న: అక్కా, మాది సింగరాయకొండలో ఎరువుల కొట్టు. రెండు కంప్యూటర్లున్నాయి, రెండూ విండోస్ 10. ఇక అప్‌డేట్లు రావంటున్నారు, కొత్త విండోస్ వీటి మీద ఎక్కదంటున్నారు. లినక్స్ వేసుకో, పైసా ఖర్చు లేదని మా బావమరిది ఒకటే పోరు. వేస్తే మా ట్యాలీ ఏం కావాలి?
– ఒక వ్యాపారి, సింగరాయకొండ

జవాబు: మీ బావమరిది లెక్క సగం వరకే కరెక్టు తమ్ముడూ. ముందు టెన్షన్ తగ్గించుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, నిజమే. అంతమాత్రాన మిషన్ ఆగదు. కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు రావు, అదీ సంగతి. విడి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఒకటి పెట్టారు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీ తెరిచి చూడండి. విండోస్ 11 ఎక్కనిది మీ మిషన్ చెడిపోయి కాదు. టీపీఎం 2.0 అనే భద్రత చిప్పూ, తమ జాబితాలో ఉన్న ప్రాసెసరూ ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. నిక్షేపంగా పనిచేసే మిషన్లు ఈ షరతు దగ్గర ఆగిపోయి పాత ఇనుముకు పోతుంటే నాకు కడుపు మండుతుంది. సరే, నా మంట మీకెందుకు.

ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను విండోస్ కోసమే తయారుచేశారు. లినక్స్‌లో వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో ఎక్కించి నడిపేవాళ్లు లేకపోలేదు. నేను మాత్రం వద్దంటాను. 20వ తేదీ జీఎస్టీ రిటర్ను వేసే రోజు అది మొరాయిస్తే మీ ఆడిటరు గారు కూడా ఏమీ చేయలేరు. కాబట్టి ట్యాలీ ఉన్న మిషన్‌ను విండోస్‌లోనే ఉంచండి, వీలున్నప్పుడు ఆ ఒక్కటి మార్చుకోండి. రెండోదానికి లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేయండి. లెటర్లు, స్టాకు పట్టికలు లిబ్రెఆఫీస్ అనే ఓపెన్ సోర్స్ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్, బ్యాంకు, వాట్సాప్ వెబ్ అన్నీ బ్రౌజర్లోనే తెరుచుకుంటాయి. సబ్సిడీ ఎరువులకు వేలిముద్ర తీసుకునే పీఓఎస్ మిషన్ ఎలాగూ వేరే, దానికీ దీనికీ సంబంధం లేదు.

వేసేముందు రెండు చూసుకోండి. ఒకటి ప్రింటర్. మన కొట్లలో కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్ని లినక్స్‌తో ఒక పట్టాన కలవవు. హెచ్‌పీ వాటితో చాలావరకు ఇబ్బంది ఉండదు, లినక్స్ డ్రైవర్లను ఆ కంపెనీయే ఓపెన్ సోర్స్‌గా ఇస్తోంది. రెండోది, డిజిటల్ సంతకం టోకెన్ వాడుతుంటే అది లినక్స్‌లో పనిచేస్తుందో లేదో. హార్డ్ డిస్క్ ముట్టుకోకుండా మింట్‌ను పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. ఒక పూట అలా నడిపి, ఒక బిల్లు ప్రింటు తీసి, అప్పుడు బావమరిదికి మాటివ్వండి.

ప్రశ్న: మాకు కావలిలో ఫోటో స్టూడియో ఉంది. మా ఫోటోషాప్ కూడా ఒక కుర్రాడు ఫ్రీగానే వేసిచ్చాడు. అది కూడా ఓపెన్ సోర్సేనా మేడమ్?

జవాబు: కాదు బాబూ, అది దొంగది. లైసెన్సు లేకుండా దాన్ని తెరిచే క్రాక్ ఫైల్లో ఇంకేం పెట్టారో ఆ కుర్రాడికీ తెలీదు. ఓపెన్ సోర్స్‌లో జింప్ ఉంది, 2025లో 3.0 వెర్షన్ వచ్చాక చాలా నయం. కానీ మీరు కొనే పెళ్లి ఆల్బం పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) టెంప్లేట్లు అందులో తెరిస్తే కొన్ని ఎఫెక్టులు ఎగిరిపోతాయి. సీజన్లో ఆ తలనొప్పి మీకొద్దు. అసలుదానికే నెలనెలా డబ్బు కట్టండి, పెళ్లికి ఇంత అని గట్టిగానే తీసుకుంటున్నారుగా.

ప్రశ్న: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో డీటీపీ చేస్తాను. చాలా ఏళ్లుగా యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక అలవాటు. యూనికోడ్‌కి మారదామంటే మంచి ఫాంట్లుండవు, చేతులు తిరగవు అని భయం.

జవాబు: ఇది నా సొంత కష్టం కూడా, కాస్త ఎక్కువ చెప్తాను. పెళ్లి పత్రికలు, స్కూలు సంచికలు, దేవస్థానం కరపత్రాలు సీడీల్లో దాచుకున్నాను. ఇవాళ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త. ఎందుకంటే పాత డీటీపీ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు, దాని లైసెన్సు, అది నడిచే పాత విండోస్ మూడూ ఉంటేనే మీరు కొట్టింది తెలుగు. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలున్నాయి. ఫాంటు మారినా అక్షరం మారదు, గూగుల్లో దొరుకుతుంది, ఫోన్లో చదవొచ్చు.

ఫాంట్లకు కరువు లేదిప్పుడు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ఎన్టీఆర్ లాంటివన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పత్రికలో వాడొచ్చు, ఫ్లెక్సీకి వాడొచ్చు, ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. పాఠ్యానికి మండలి, హెడ్డింగులకు రామభద్ర నా లెక్క. కీబోర్డు భయం అసలే వద్దు. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే వచ్చే తెలుగు కీబోర్డుల్లో యాపిల్ కూడా ఉంది, మీ వేళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోవు. పేజీ కట్టడానికి స్క్రైబస్ 1.6లో ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చుంటున్నాయి. మెనూలు మాత్రం చిరాకు తెప్పిస్తాయి, దాన్ని పొగిడేవాళ్లను నమ్మకండి. ప్రెస్సుకు పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ చేయడం (ఫైల్లోనే కలపడం) మర్చిపోవద్దు.

ప్రశ్న: అమ్మా, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఉంటాను. లినక్స్ క్యాన్సర్ లాంటిదని ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ పెద్దాయన అన్నట్టు పేపర్లో చదివిన గుర్తు. ఇంతకీ ఆ పోటీలో ఎవరు గెలిచారు?

జవాబు: మీ జ్ఞాపకం గట్టిదే సార్. 2001లో స్టీవ్ బామర్ అన్నమాట అది. అదే కంపెనీ 2018లో, ఓపెన్ సోర్స్ పనివాళ్లంతా కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లు పోసి కొన్నది. మరుసటి ఏడాది లినక్స్ వ్యాపారం చేసే రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు తీసుకుంది. తిట్టినవాళ్లు, పొగిడినవాళ్లు అందరూ చివరికి చెక్కుబుక్కు తీశారు.

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే, అంటే దాని గుండెకాయే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లలో లినక్స్ కానిది ఒక్కటీ లేదు. క్రోమ్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. కేడీఈ అనే వాలంటీర్ల బృందం కేహెచ్‌టీఎంఎల్ అని ఒక బ్రౌజర్ ఇంజిన్ (వెబ్ పేజీని తెర మీద చూపించే భాగం) రాసుకుంది. దాన్ని ఆపిల్ తీసుకుని వెబ్‌కిట్ చేసింది, దాంతో సఫారీ వచ్చింది. వెబ్‌కిట్ నుంచి 2013లో గూగుల్ తన క్రోమ్ కోసం బ్లింక్‌ను విడదీసింది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ నడిచేది దాని మీదే. మూడు పోటీ కంపెనీలూ ఒకే గుంపు వేసిన పునాది మీద మేడలు కట్టుకున్నాయి.

టేబుల్ మీద కంప్యూటర్ దగ్గర మాత్రం ఓపెన్ సోర్స్ గెలవలేదు, గెలిచిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి కష్టపడి లినక్స్‌కి మారింది, 2017లో మళ్లీ విండోస్‌కి వెళ్లాలని తీర్మానం చేసింది. మన దక్షిణాదిలోనే కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు మాత్రం చాలాకాలంగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అక్కడ టీచర్లకు శిక్షణ ఇచ్చారు, మలయాళంలో పాఠాలు తయారుచేశారు. సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరకడం ఒక్కటే అయితే మన బళ్లలోనూ ఎప్పుడో వచ్చేది.

ప్రశ్న: పశుసంవర్ధక శాఖలో పనిచేశాను, ఒంగోలు దగ్గర మా ఊరు. మన ఒంగోలు జాతిని బ్రెజిల్ వాళ్లు తీసుకుపోయి నెలోర్ అని పేరు పెట్టి దేశమంతా నింపుకున్నారు. ఇక్కడ మంచి గిత్త దొరకడం కష్టమైంది. ఓపెన్ సోర్స్ కూడా ఇంతేగా? ఊరివాళ్ల కష్టం, కంపెనీ లాభం.

జవాబు: పోలిక బాగుంది కానీ ఒకచోట నిలవదు సార్. గిత్తను ఓడ ఎక్కిస్తే మన కొట్టంలో ఒకటి తగ్గుతుంది. కోడ్‌ను ఎంతమంది కాపీ చేసుకున్నా రాసినవాడి దగ్గర అది అలాగే ఉంటుంది. మీ బాధ అసలు ఎక్కడంటే, తీసుకున్నవాడు బాగుచేసింది వెనక్కి ఇస్తాడా అని. అది లైసెన్సులో ఉంటుంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన జీపీఎల్ అనే లైసెన్సు ప్రకారం మార్చిన ప్రోగ్రామును ఇంకొకరికి ఇస్తే దాని కోడ్ కూడా ఇవ్వాలి. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సుల్లో ఆ బాధ్యత లేదు, తీసుకుపోయి మూసేసుకోవచ్చు.

జీపీఎల్‌కీ ఒక సందు ఉంది. ప్రోగ్రామును ఎవరికీ ఇవ్వకుండా సొంత సర్వర్లో నడిపి, అద్దె వసూలు చేస్తే? క్లౌడ్ కంపెనీలు చేసేది అదే. ఆ ఉక్రోషంతోనే 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ (సమాచారం వెతికే సాఫ్ట్‌వేర్), 2024లో రెడిస్ (డేటా దాచే సాఫ్ట్‌వేర్) తమ లైసెన్సులు బిగించాయి. అప్పుడేమైంది? మొదటిదాని పాత కోడ్ తీసుకుని అమెజాన్ ఓపెన్‌సెర్చ్ పెట్టింది. రెండోదాని నుంచి లినక్స్ ఫౌండేషన్ నీడలో కొద్దిరోజుల్లోనే వాల్కీ పుట్టింది. కంపెనీలు రెండూ తర్వాత దారికొచ్చి, సర్వర్లో నడిపినా కోడ్ ఇవ్వాలనే ఏజీపీఎల్ కిందా ఇస్తున్నాయి. ఒకసారి ఊరందరికీ ఇచ్చింది వెనక్కి లాక్కోవడం తేలిక కాదు. ఈ విషయంలో నాకు కంపెనీల మీద జాలి లేదు, క్లౌడ్ వాళ్ల మీద ప్రేమా లేదు.

ప్రశ్న: కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకీ కనిపిస్తుందిగా? – పొదిలి నుంచి ఒక టీచరు

జవాబు: కనిపిస్తుంది టీచరు గారూ. 2024లో జరిగిందే చెప్తాను. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్, దాదాపు ప్రతి లినక్స్‌లో ఉంటుంది. ఫిన్లాండ్‌లో ఒకాయన జీతం లేకుండా ఖాళీ సమయంలో చూసుకునేవాడు. అలసిపోయాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా మంచి పని చేసి నమ్మకం సంపాదించి, చివరికి దొడ్డిదారి తలుపు పెట్టారు. అది అన్ని సర్వర్లకూ చేరివుంటే కొంపలంటుకునేవి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన మిషన్లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి, కోడ్ తవ్వి పట్టుకున్నాడు. ఆయన ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో, చూశారా!

కోడ్ తెరిచి ఉండబట్టే ఆయన తవ్వగలిగాడు. కానీ అంత ముఖ్యమైనదాన్ని ఒక్క మనిషి భుజం మీద వదిలేసి కోట్లు సంపాదించుకున్న కంపెనీలన్నిటికీ ఇందులో వాటా ఉంది. మన దేశంలో జెరోధా అనే షేర్ల బ్రోకరు కంపెనీ 2024లో ఏడాదికి 10 లక్షల డాలర్లు ఇలాంటి ప్రాజెక్టులకు ఇస్తామని నిధి పెట్టింది. ఇంకొందరు పెడితే బాగుండు.

ప్రశ్న: మేడమ్, నెల్లూరులో బీటెక్ మూడో సంవత్సరం. ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూషన్ ఉంటే జాబ్ వస్తుందంట. రీడ్‌మీ ఫైల్లో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలు) పేరు కలిపి పంపితే చాలని సీనియర్లు చెప్పారు. నిజమేనా?

జవాబు: ఆ సీనియర్ల దగ్గర టీ తాగు, సలహా తీసుకోకు. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో ఇచ్చే టీషర్టు కోసం ఇలాంటి పనికిమాలిన మార్పులు వచ్చిపడి, ప్రాజెక్టు వాళ్లు ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకోవాలని నిర్వాహకులు రూలు మార్చారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు మన దేశం కుర్రాళ్లే పేర్లు కలిపి కలిపి పంపి పరువు తీశారు.

నీకు తెలుగు వచ్చుగా, అక్కడ మొదలుపెట్టు. ఫైర్‌ఫాక్స్ తెలుగు అనువాదం పాంటూన్‌ అనే సైట్లో, లిబ్రెఆఫీస్‌ది వెబ్లేట్‌ అనే సైట్లో జరుగుతుంటాయి. ఎవరైనా చేరొచ్చు. అనువాదం విసుగైతే తప్పులు పట్టు. లిబ్రెఆఫీస్‌లో తెలుగు పేజీ టైపు చేసి పీడీఎఫ్ చెయ్యి, అందులోంచి కాపీ చేసి చూడు, ఒత్తులు చెదిరాయేమో. చెదిరితే వెర్షన్ నంబరు, ఫాంటు పేరు, చేసిన పని వరస, స్క్రీన్‌షాట్, అసలు ఫైలు కలిపి, తప్పులు నమోదు చేసే బగ్‌జిల్లా సైట్లో పెట్టు. పెట్టేముందు అదే తప్పు ఇంకెవరైనా చెప్పారేమో వెతుకు. జవాబు ఆలస్యమైతే రోజూ గుర్తుచేయకు, అవతలి మనిషి ఉద్యోగం చేసుకుని రాత్రిపూట చూస్తుండొచ్చు. వాళ్లు ఇంకో వివరం అడిగితే మాత్రం అదే రోజు ఇవ్వు. రెజ్యూమెలో ఆ బగ్ లింకు పెట్టు, ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే పది నిమిషాలు మాట్లాడగలవు.