కోనసీమ కాలువగట్ల మీద అడాస్ కారు పనికొస్తుందా?

హైదరాబాదులో ఉద్యోగం, అమ్మానాన్నలు అమలాపురం దగ్గర పల్లెటూళ్ళో, తరచూ కారులో వెళ్ళి రావాలి, అడాస్ (కెమెరా, రాడార్ లాంటి సెన్సర్లతో డ్రైవరుకి సాయపడే ఏర్పాటు) ఉన్న పై వేరియంట్‌కి అదనంగా డబ్బు పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చు. కానీ సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాటి, రావులపాలెంలో హైవే దిగగానే అందులో సగం ఆపేయండి, ముందుగా లేన్ అసిస్ట్, అంటే రోడ్డు మీద గీత దాటితే స్టీరింగుని వెనక్కి లాగేది. రివ్యూలు చూసి చెప్పే మాట కాదిది, ఈ గట్ల మీదే పుట్టి పెరిగి రోజూ ఇక్కడే బండి నడుపుతూ చెబుతున్నాను.

మొన్న సార్వా కోతలప్పుడు మా మేనల్లుడు కొత్త కారేసుకుని వచ్చాడు. కుర్రాడు బాగానే నడుపుతాడు, దుడుకు లేదు. వెనక మా అక్క, ముందు వాడి పక్కన నేను. కొత్తపేట దాటాక మా ఊరికి తిరిగే గట్టు రోడ్డుకి కుడిపక్క కాలువ ఉంటుంది. ఆ మధ్యే తారు వేసి నడిమధ్య తెల్ల గీత కొట్టారు, అందుకే వాడు అరవై దాటించాడు. పొద్దు వాలిపోయింది, పూర్తిగా చీకటి పడలేదు. ఎడమ సగం అంతా పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. రాత్రికి మంచు పడుతుందని రాశులుగా పోగేసి నల్ల బరకాలు కప్పారు, బరకం ఎగరకుండా ఇటుకలు, బండ్లు తొక్కకుండా అంచున బండరాళ్ళు, తాటి దుంగలు. నల్ల తారు మీద నల్ల బరకం, దగ్గరికొస్తే తప్ప తెలియదు. వాడు చూసుకుని సరిగ్గానే కుడికి తిప్పాడు. చక్రం తెల్ల గీత మీదకి వెళ్ళిందో లేదో మీటరు దగ్గర బీప్ బీప్‌మని, స్టీరింగు ఎడమకి, అంటే ఆ బండరాళ్ళ మీదకి లాగింది.

"మావయ్యా, నేను తిప్పట్లేదు, అదే లాగుతోంది!"

"ఇండికేటర్ వెయ్యరా!" అని అరిచాను. ఆ కంగారులో ఇండికేటర్ ఎక్కడ గుర్తొస్తుంది? బలంగా కుడికి తిప్పాడు. అది వదిలేసింది, వీడి బలమంతా ఒక్కసారి పనిచేసింది, కుడి చక్రాలు రెండూ తారు దిగి బెర్ములో, అంటే పక్కనున్న మట్టి అంచులో పడ్డాయి, బ్రేకు మీద నిలబడితే ఆగింది. దిగి టార్చి వేసి చూస్తే ముందు టైరుకీ గట్టు వాలుకీ మధ్య జానెడు నేల ఉంది. దాని కింద నీళ్ళు కనపడవు. గుర్రపుడెక్క ఒడ్డు నుంచి ఒడ్డు దాకా అల్లుకుని, పచ్చగా, ఊదా పూలతో ఉంది, ఊరు తెలియనివాడైతే పక్కన చేను ఉందనుకుంటాడు. మా అక్క దిగి రోడ్డు మీదే కూలబడిపోయింది. ఎదురుగా ఒక్క వ్యాను వచ్చి ఉంటే ఈ జవాబు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

ఆ కారు చెడిపోలేదు, చెయ్యమన్న పనే చేసింది. ముందు అద్దం వెనకున్న కెమెరా గీతని చూస్తుంది. ఇండికేటర్ వెయ్యకుండా గీత దాటితే డ్రైవరు కునుకు తీశాడనుకుని వెనక్కి లాగుతుంది. చాలా కార్లలో అది అరవై కిలోమీటర్ల వేగం దగ్గర మొదలవుతుంది కాబట్టి సందుల్లో నడిపినంతసేపూ దాని సంగతే తెలియదు. ధాన్యం రాశిని తప్పించడానికి మా వైపు ఎవరూ ఇండికేటర్ వెయ్యరు. ఇలా పక్కకి తిప్పినప్పుడు వేస్తే అది ఊరుకుంటుంది, కానీ మలుపు మలుపుకీ రాశులు, బాతుల మందలు, గేదెలు ఉన్న రోడ్డు మీద ఎన్నిసార్లని వేస్తారు? దాన్ని ఆపేయడమే మేలు. కొన్ని కార్లలో బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్ళీ దానంతటదే ఆన్ అవుతుంది, షోరూంలో టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడే ఈ సంగతి అడిగి తేల్చుకోండి.

అసలు డెల్టాలో ప్రమాదం ఎదుటి బండి కన్నా రోడ్డు అంచు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక అల్లుకున్న కాలువలు మనకి అన్నం పెట్టాయి, వాటి గట్లే చాలాచోట్ల రోడ్లయ్యాయి. ఎడ్లబండ్లు, మనుషులు నడవడానికి సరిపోయే వెడల్పు మీద ఇప్పుడు రొయ్యల వ్యాన్లు, టిప్పర్లు, స్కూలు బస్సులు పోతున్నాయి. తారు మీద తారు వేసి రోడ్డు ఎత్తవుతూ పోతుంది, బెర్ము మాత్రం అలాగే పల్లంలో ఉండిపోతుంది. ఆ దిగుడుని ఏ కెమెరా చెబుతుంది? దమ్ము చక్రాల ట్రాక్టర్లు పొలం నుంచి తిన్నగా తారెక్కి దాన్ని చీల్చేస్తాయి, గీతలు చెరిగిపోతాయి, ఆ బురద చింది బంపర్‌లోని రాడార్‌కి పట్టేస్తే సెన్సర్ మూసుకుపోయిందని మెసేజ్ వస్తుంది. ఇనుప చక్రాలతో రోడ్డెక్కకూడదని రైతులకి ఎన్నేళ్ళ నుంచి చెబుతున్నారో, అయినా ఎవరూ ఆగరు, ఎవరూ ఆపరు.

ధాన్యం విషయంలో మాత్రం రైతుని తిట్టను. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఊళ్ళో కళ్ళాలు లేవు, ఉన్న చోటు రొయ్యలు, చేపల చెరువులకి పోయింది. వాడు ఎక్కడ ఆరబోసుకోవాలి? రాళ్ళ బదులు రేడియం స్టిక్కరు అంటించిన డబ్బాలు పెట్టమని మా ఊళ్ళో కొందరికి చెప్పాను, ఇద్దరు ముగ్గురు పెడుతున్నారు, దూరం నుంచే కనపడుతున్నాయి.

ఇక డబ్బు పెట్టొచ్చని ఎందుకన్నానంటే, ఎమర్జెన్సీ బ్రేకింగ్ కోసం, అంటే గుద్దబోతుంటే కారే బ్రేకు వేసుకోవడం. అమలాపురం మీదుగా పోయే 216 హైవే మీద చీకట్లో వెనక లైటు లేని కొబ్బరికాయల ట్రాక్టరు, పుష్యమాసం మంచులో నడిరోడ్డు మీద ఆగిన లారీ, ఇవి మన కంటికి చాలా ఆలస్యంగా కనపడతాయి. మంచులో కెమెరా తడబడినా, రాడార్ ఉన్న కారైతే అది చాలావరకు పట్టుకుంటుంది. పూర్తిగా ఆపలేకపోయినా గుద్దే వేగం తగ్గిస్తుంది, అదే చాలు ప్రాణం నిలవడానికి. గేదె అడ్డొచ్చినా ఆపేస్తుందని మాత్రం నమ్మకండి, జంతువులను గుర్తుపట్టకపోవచ్చని చాలా కార్ల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ముందు బండిని బట్టి వేగం దానంతటదే సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ విజయవాడ నుంచి తణుకు దాకా హాయి, కాలికి విశ్రాంతి. పల్లె రోడ్డు మీద వద్దు. ముందు కారుకి మీరు వదిలిన ఖాళీలోకి మోటారు సైకిల్ దూరుతుంది, మీ కారు గబుక్కున బ్రేకు వేస్తుంది, వెనక ఆనుకుని వచ్చే బస్సువాడికి అది తెలియదు. ముందు బండి పక్కకి తిరగ్గానే మీరు పెట్టిన వేగానికి మళ్ళీ ఎగబాకుతుంది, అప్పటికి మీరు ఊరి నడిబొడ్డున ఉంటారు. ఈ అడాస్‌ని లెవెల్ 2 అని అమ్ముతారు, అంటే బాధ్యత మొత్తం మీదే అని అర్థం, అమ్మేవాళ్ళు ఈ ముక్క గట్టిగా చెప్పరు. బడ్జెట్ చాలకపోతే అడాస్ మానేసి స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారిపోకుండా అదుపు చేసేది), ఆరు ఎయిర్‌బ్యాగులు, మంచి హెడ్‌లైట్లు ఉన్న వేరియంట్ తీసుకోండి, నా ఓటు దానికే.

లక్షలు పెట్టి సెన్సర్లు కొంటున్నాం, గట్టు మలుపుల్లో ఒక ఇనుప రెయిలింగ్, నాలుగు రేడియం స్తంభాలు పెట్టించుకోలేకపోతున్నాం. కారు కాలువలో పడిందన్న వార్త ఎన్నిసార్లు చదవలేదు? నా మట్టుకు రెయిలింగు లేని గట్టు మీద ఏ అడాసూ చాలదు.

ఆ రెయిలింగు వచ్చేదాకా ఒక పని చేయండి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి కొనండి, సీటు బెల్టు కోసే బ్లేడుతో కలిపి వస్తుంది. నీళ్ళలో పడ్డాక బయటి ఒత్తిడికి తలుపు రాదు, తలుపుతో పెనుగులాడకుండా బెల్టు తీసి వెంటనే కిటికీ దించాలి, దిగకపోతే పక్క అద్దం మూలన కొట్టాలి. ముందు అద్దం జోలికి పోవద్దు, అది పొరలున్న గాజు, ఊడి రాదు. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా అలాంటివే వస్తున్నాయి, కొనేముందు అడగండి. సుత్తిని డిక్కీలో పెట్టకండి, డ్రైవరు తలుపు అరలో పెట్టి, మీ అమ్మానాన్నలకి కూడా ఎక్కడుందో చూపించండి.