టెక్ సందేహాలు: ఒకే పాస్‌వర్డ్‌తో నలుగురు లెక్కలు రాస్తే?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. లెక్కలన్నీ ట్యాలీ ప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. నేను, గుమస్తా, కాంటా దగ్గరుండే అబ్బాయి, అప్పుడప్పుడు వచ్చే ఆడిటర్ గారు అందరం ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నాం. మొన్న యాసంగిలో ఒక వడ్ల కొనుగోలు వోచర్‌లో తూకం మారిపోయింది. ఎవరు మార్చారో తేలలేదు. ఎవరి పని వరకే వాళ్లకు కనపడేలా పెట్టుకోవచ్చా?

జవాబు: తప్పకుండా పెట్టుకోవచ్చు. వానాకాలం వడ్లు మిల్లుకు రాకముందే పెట్టుకోండి. అందరిదీ ఒకే లాగిన్ అయినప్పుడు అనుమానం ముందుగా జీతానికి పనిచేసేవాళ్ల మీదికే పోతుంది. చేయని తప్పుకు ఆ అబ్బాయి మాట పడకూడదు కదా!

ముందు ఒక కాగితం మీద మనుషుల పేర్లు కాకుండా పనులు రాయండి. తూకం ఎక్కించేది, బిల్లు కొట్టేది, దిద్దేది, లెక్క చూసేది. ఒక్కో పనికి ఒక రోల్, అంటే ఆ పని చేసేవాళ్లకు ఉండాల్సిన హక్కుల జాబితా. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీకి చెందిన ఫెరాయోలో, కూన్ 1992లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. రేపు గుమస్తా మారితే కొత్తగా వచ్చినాయనకు అదే రోల్ ఇస్తే సరిపోతుంది, అన్నీ మళ్లీ మొదటినుంచి పెట్టక్కర్లేదు.

ట్యాలీలో యూజర్ కంట్రోల్ ఆన్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి. తర్వాత ఆల్ట్, కె కలిపి నొక్కితే వచ్చే కంపెనీ మెనూలో యూజర్ రోల్స్ ఉంటుంది. అందులో డేటా ఎంట్రీ రోల్‌ను ఆధారంగా తీసుకుని ‘కాంటా’ అని కొత్తది చేయండి. దానికి వోచర్ ఎక్కించే వీలు ఉంచి, ఆల్టర్ (ఎక్కించినదాన్ని మార్చే వీలు) తీసేయండి. మీ గొడవంతా వచ్చింది అక్కడే. పాత తేదీలతో ఎన్ని రోజుల వెనక్కి వోచర్ రాయొచ్చో కూడా అక్కడే పెట్టొచ్చు. నా మాటగా ఒకట్రెండు రోజులు మించనివ్వకండి. ఆడిటర్ గారికి చూడటం, ప్రింట్ తీసుకోవడం చాలు.

ఆ పక్కనే యూజర్స్ అండ్ పాస్‌వర్డ్స్‌లో ఎవరి పేరుకు వాళ్ల లాగిన్ ఇవ్వండి. ‘కాంటా1’ లాంటి పేర్లు వద్దు, మళ్లీ ఇద్దరు ముగ్గురు అదే వాడేస్తారు. ఎడిట్ లాగ్ కూడా ఆన్ చేస్తే ఏ వోచర్ ఎవరి లాగిన్‌తో మారిందో కనపడుతుంది. మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇలాంటి రికార్డు 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి.

ఈ హక్కులన్నీ ట్యాలీ లోపలే పనిచేస్తాయి. డేటా ఫోల్డర్‌ను విండోస్ నుంచి ఎవరైనా డిలీట్ చేస్తే ట్యాలీ ఆపలేదు. అందుకని విండోస్‌లోనూ వేరు లాగిన్లు పెట్టి, బ్యాకప్ పెన్‌డ్రైవ్ మీ ఇంట్లో ఉంచండి.

అంతా అయ్యాక కాంటా అబ్బాయి లాగిన్‌తో మీరే లోపలికి వెళ్లి పాత వోచర్‌లో తూకం మార్చి చూడండి. మారిందంటే ఆల్టర్ ఇంకా పోలేదన్నట్టు, రోల్ మళ్లీ తెరిచి సరిచేయండి.