వెంటిలేటర్, వెసికిల్స్, నీ మొదటి వ్యాసం

చిరంజీవి సౌమ్యకు,

వెంటిలేటర్ మీదున్న రోగుల ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరే బ్యాక్టీరియా వెసికిల్స్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. శీర్షికలో ‘షాకింగ్’ ఎవరు పెట్టారోగానీ, ముందు దాన్ని తీసెయ్యి. ‘ఊపిరితిత్తుల బ్యాక్టీరియా రక్తంలోకి దూకేస్తోంది’ అన్న మొదటి వాక్యాన్నీ కొట్టెయ్యి. దాన్ని ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఫోన్లో చదివేవాళ్లుంటారు. లోపల వాళ్ల నాన్న నోట్లో గొట్టం ఉంటుంది.

పైగా నువ్వు చెప్పాల్సింది దూకే బ్యాక్టీరియా గురించి కాదు, అవి వదిలే వెసికిల్స్ గురించి. బ్యాక్టీరియా పైపొర బుడగలా ఉబ్బి, తెగి, విడిపోతే వెసికిల్ అవుతుంది. పరిమాణం దాదాపు 20 నుంచి 250 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోపుకు ఆనదు. ప్రాణం లేదు కనక పెరగదు. బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, ఏమీ మొలవకపోయినా రక్తంలో వెసికిల్స్ ఉండొచ్చు. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ (రెండు పొరలుండే రకం) జాతులవైతే ఆ పొరలోనే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. యాంటీబయాటిక్‌తో బ్యాక్టీరియా చచ్చినా, అది వదిలిన వెసికిల్ మన రోగనిరోధక కణాలను రెచ్చగొట్టగలదు. వ్యాసానికి ప్రాణం ఇక్కడుంటే నువ్వు రెండు ముక్కల్లో దాటేశావు!

ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి దారి ఎలా ఏర్పడుతుందో కూడా చెప్పు. గొట్టం ఉంటే రోగి సరిగా దగ్గలేడు; నోటి స్రావాలు గొట్టం పక్కనుంచి కిందికి జారతాయి. వెంటిలేటర్ తోసే గాలికి ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు మరీ సాగితే పలచటి గోడ దెబ్బతిని లీకవుతుంది. 2000లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో, ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి ఆక్సిజన్ అందని తీవ్ర స్థితి) రోగులకు ఒక్కో శ్వాసకు కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి బదులు 6 ఇస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31కి తగ్గాయి. కిలో అంటే ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువు. ఆ ట్రయల్ వెసికిల్స్‌ను కొలవలేదు, కొలిచినట్టు ధ్వనించేలా రాయకు.

ఇక అనుమానం. వెసికిల్స్ ఏ జాతివో డీఎన్‌ఏతో తేల్చాలంటే, రక్తంలో దొరికే సూక్ష్మజీవుల డీఎన్‌ఏ అత్యల్పం. డీఎన్‌ఏ తీసే కిట్లలోనే బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుందని 2014లో ఒక పరిశోధన గట్టిగా చూపించింది. సూది గుచ్చిన చర్మం నుంచీ రావచ్చు. కనక పరిశోధకులను మొదట అడగాల్సింది: రక్తం వెయ్యకుండా ఖాళీ కిట్‌ను పరీక్షించారా? కఫంలో, రక్తంలో ఒకే జాతి ఆనవాళ్లు దొరికినా, రెండింటికీ అది పేగునుంచి వచ్చి ఉండొచ్చు. జబ్బు ముదిరినవాళ్లలో వెసికిల్స్ ఎక్కువున్నాయంటే, జబ్బు ముదరడం వల్ల పెరిగాయా, పెరగడం వల్ల ముదిరిందా?

వీటికి జవాబులు కనుక్కుని రెండో ప్రతి పంపు. ఈసారి ఆశ్చర్యార్థకాలు తగ్గించు, నావి లెక్కపెట్టకు.

ఆశీస్సులతో.